కాలువ తల నుంచి శివారు దాకా

సోమవారం: ధవళేశ్వరం, లొల్ల లాకులు

మాఘమాసం. రెండో పంట దాళ్వా నాట్లు అయిపోయి చేలు పచ్చబడ్డాయి. ఈ రోజుల్లో గోదావరి డెల్టాలో ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా నీళ్ల కబుర్లే. గోదాట్లో ఇన్‌ఫ్లో ఎంతుంది, సీలేరు నుంచి వదిలారా, నీళ్లకి వంతులు ఎప్పుడు పెడతారు, ఈసారి కాలువ చివరనున్న శివారు చేలు గట్టెక్కుతాయా.

ఆ కబుర్ల మధ్య కూర్చుని తగువులు తీర్చే మనుషుల్ని చూడాలని బయల్దేరాను. ఎమ్మెల్యేలూ మంత్రులూ రోజూ పేపర్లో కనిపిస్తూనే ఉంటారు. చిన్న ఊళ్ల బతుకు నడిపేది మాత్రం వాళ్లకంటే బాగా కిందున్నవాళ్లు. నీటి సంఘం అధ్యక్షుడు, సొసైటీ ప్రెసిడెంటు, మార్కెట్లో ధర పలికే వ్యాపారి, సర్పంచి, కాలేజీ కమిటీలో పెద్దమనిషి, లేసు ఏజెంటు. వీళ్లు ఏం చేస్తున్నారో తెలియాలంటే కాలువ తల దగ్గర మొదలుపెట్టి, నీరు వెళ్లే దారినే సముద్రం ఒడ్డు దాకా వెళ్లాలనిపించింది. ఏ పెద్దరికం మంచిదో చెడ్డదో శివారు చేల దగ్గరే తెలుస్తుంది. ఇది డెల్టాలో పుట్టినవాళ్లెవరినడిగినా చెబుతారు.

1833 నాటి కరువులో ఈ ప్రాంతం జనం లెక్కలేనంతమంది పోయారు. ఆ తర్వాతే ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కల్లా పూర్తిచేశాడు. ఇప్పుడు మనం బస్సులో దాటే బ్యారేజి ఆ పాత ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టింది. దీని కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి సుమారు 10 లక్షల ఎకరాలు పండుతున్నాయి. కాటన్ విగ్రహం లేని ఊరు ఇక్కడ అరుదు, ఆ గౌరవం ఆయనకి దక్కాల్సిందే. ఆయన దగ్గర పనిచేసిన వీణం వీరన్న పేరు కూడా అంతే గట్టిగా వినబడాలని నా కోరిక. కూలీలను కూడగట్టి, పని ఆగకుండా చూసిన మనిషి ఆయన. దొర కాగితం మీద గీసిన గీత నదిలో రాతికట్టగా లేవాలంటే ఊరూరా తిరిగి జనాన్ని నమ్మించి తీసుకొచ్చేవాడు ఒకడుండాలి. ఈ డెల్టాలో స్థానిక నాయకుల జాబితా రాస్తే మొదటి పేరు వీరన్నదే రాస్తాను.

ఆత్రేయపురం దాటి లొల్ల లాకుల దగ్గర దిగాను. మధ్య డెల్టా కాలువ ఇక్కడ పాయలుగా చీలుతుంది. లాకులు చూసుకునే లస్కరు షట్టరు చక్రం తిప్పుతున్నాడు. ఆ చక్రం పిడి దగ్గర రంగు పోయి, చేతుల రాపిడికి ఇనుము నున్నగా మెరుస్తోంది. రెండు చుట్లు తిప్పి ఆగి, నీటిమట్టం కొలిచే రాతి మీద గీత చూసుకుని, మళ్లీ అరచుట్టు తిప్పాడు. ఆ అరచుట్టు మీద కింద కొన్ని వందల ఎకరాలు ఆధారపడి ఉంటాయి.

నీటి సంఘం అధ్యక్షుడొకాయన మోటారు సైకిల్ మీద వచ్చాడు. జేబులో చిన్న నోటు పుస్తకం, అందులో బోదెల (చేలకి నీరు పారే చిన్న కాలువల) పేర్లు, వంతుల రోజులు. 1997లో వచ్చిన చట్టంతో రైతులే ఓట్లేసి ఈ సంఘాలను ఎన్నుకుంటున్నారు. కాలువ మరమ్మతు, పూడికతీత, నీటి పంపకం, అధికారులతో మాట్లాడడం వీళ్ల పని. మామూలు రోజుల్లో ఆ పదవి ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. ఫిబ్రవరి వచ్చేసరికి ఫోను ఆగదు.

"రాత్రి పదకొండుకి చేస్తారండి. మా తూములోకి నీళ్లు రావట్లేదు, పైవాళ్లు అడ్డుకట్ట వేశారు అని. టార్చిలైటు పట్టుకుని వెళ్లాలి. పైనున్నవాడు మా బావగారేనండి. ఆయన అడ్డు తీయించకపోతే కిందవాళ్ల దగ్గర నా మాటకి విలువేముంటుంది?"

మరి కౌలురైతుల సంగతేమిటని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. సంఘం ఓటరు జాబితా భూమి రికార్డుల్లోంచి తయారవుతుంది. కౌలు నోటిమాట మీద నడుస్తుంది. చేలో దిగి నీళ్లు కట్టేది ఒకరు, ఓటు ఇంకొకరిది. "న్యాయం కాదండి, కానీ నేనేం చేయగలను" అన్నాడు. ఆ మాట దాచకుండా చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

మంగళవారం: రావులపాలెం, లంకల గన్నవరం

రావులపాలెం అరటి మార్కెట్ తెల్లవారుజామున చూడాలి. చక్రకేళి, కర్పూరం, బొంత, అమృతపాణి గెలలు వరసగా పేర్చి ఉంటాయి. వ్యాపారి ఒక్కో వరస దగ్గర ఆగి, కాయ లావు చూసి ఒక ధర చెబుతాడు. రైతు బేరమాడతాడు గానీ ఎండ ముదిరేకొద్దీ బేరం తగ్గుతుంది. నీడపట్టున గెలలు దించుకునే చోటు, కాస్త నిల్వ పెట్టుకునే వసతి ఉంటే రైతు మాట నిలబడేది. ఇలాంటి చిన్న పని చేసిపెట్టే నాయకుడిని ఈ రైతులు మూడు తరాలు గుర్తుపెట్టుకుంటారు.

మధ్యాహ్నానికి గన్నవరం చేరాను. గోదావరి వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని అవతలి గట్టుకి దాటించే అక్విడక్టు ఉన్న ఊరిది. కింద నది, పైన కాలువ. కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. పేర్లు పెట్టడంలో ఇంత సరిగ్గా కుదిరినది నేను ఎక్కువ చూడలేదు.

సీతమ్మ గారు 1841లో పుట్టి 1909లో పోయారు. మండపేట అమ్మాయి, లంకల గన్నవరం కోడలు. భర్త జోగన్న గారిది వ్యవసాయం. వంతెనల్లేని కాలంలో లంకల మధ్య ఏరు దాటే ప్రయాణికులు ఆకలితో ఈ ఊరు చేరేవారు. ఏ వేళ వచ్చినా, ఏ కులమని అడగకుండా వండి పెట్టింది ఆ తల్లి. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ఆవిడ ఫొటో తెప్పించుకున్నారన్న సంగతి ఈ ప్రాంతంలో పిల్లలకి కూడా తెలుసు. నాకు మాత్రం ఆ ఫొటో కంటే ఆ పొయ్యి ముఖ్యం. ఆవిడకి పదవి లేదు, ఓటు లేదు, సంఘం లేదు. సొంత పంట, సొంత గాదె, సొంత కష్టం. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిలో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టింది. ఊరి బడి ముందు నిలబడి చూశాను. వంట చేసే ఇద్దరు ఆడవాళ్లు పిల్లల కంచాల్లో సాంబారు పోస్తున్నారు. ఒక పిల్లాడు రెండోసారి వచ్చి నిలబడితే "రా నాన్నా" అని ఇంకో గరిటె వేసింది పెద్దావిడ. ఇలాంటి వంటమనుషులకి నెలనెలా జీతం చేతిలో పడేలా చూడడమే సీతమ్మ గారి పేరు నిలబెట్టడం.

బుధవారం: అంబాజీపేట

పేపర్లో రోజూ ఒక మూల అంబాజీపేట కొబ్బరి ధరలు వేస్తారు. కొత్త కొబ్బరి క్వింటాలు ఇంత, కురిడీ (లోపలి కొబ్బరి ఎండి గుండుగా విడిచిన కాయ) వెయ్యికాయలు గండేరా ఇంత, గటగట ఇంత, నీటికాయ ముక్కుడు ఇంత, పచ్చికాయ ఇంత. చిన్నప్పుడు ఆ పేర్లు మంత్రాల్లా వినబడేవి. ఇవాళ వాటిని కళ్లతో చూశాను. కురిడీ కాయని చెవి దగ్గర పెట్టి ఊపి, లోపల గుండు విడిచి కదులుతోందో లేదో వ్యాపారి క్షణంలో పసిగడతాడు. నాకు నాలుగు కాయలిచ్చి ఊపమన్నాడు. ఆయన చెప్పాక గానీ తేడా తెలియలేదు.

ఈ మార్కెట్లో ధర చెబుతారు గానీ దాని వెనక చాలామంది ఉంటారు. దింపు కార్మికుడు చెట్టెక్కాలి, ఒలుపు కార్మికుడు గునపం మీద కాయ కొట్టాలి, ఒలిచిన డొక్కలు పీచు మిల్లుకి వెళ్లాలి, లారీ దొరకాలి. ఒలుపు పని చేసే ఒకాయన నేను చూస్తుండగానే మూడు దెబ్బల్లో కాయ ఒలిచి పక్కన పడేశాడు. కుడి అరచేయి అంతా గట్టిపడిన చర్మమే. వీళ్ల కూలి రేటు వ్యాపారులూ కార్మికుల పెద్దలూ కూర్చుని తేల్చుకుంటారు. రెండు వైపులా మాట నిలబెట్టుకునేవాళ్లుంటే రెండు గంటల్లో తేలుతుంది. లేకపోతే మార్కెట్ బందు. కాయ గుట్టల్లో మొలకెత్తడం మొదలవుతుంది.

కొబ్బరిని కాపాడే పని కూడా ఊళ్ల పెద్దరికం మీదే ఆధారపడి ఉంది. 2016 చివర్లో కడియం వైపు కనబడిన తెల్లదోమ కోనసీమ తోటలంతా పాకింది. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానంవాళ్లు దాన్ని తినే మిత్రపురుగుల్ని పెంచి ఇస్తున్నారు. ఒక్క తోటలో వదిలితే లాభం లేదు, చుట్టూ ఉన్నవాళ్లంతా మందు కొట్టడం మానాలి. ఎవరి గట్టు వాళ్లదే అనుకునే చోట అందరినీ ఒక మాట మీదికి తేవాలి. అలా తెచ్చిన ఊళ్లో చెట్ల రంగే వేరుగా ఉంది. ఆకుల మీద నల్లటి మసి తగ్గింది.

సాయంత్రం దారిలో జగ్గన్నతోట దగ్గర ఆగాను. కనుమనాడు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు (దేవుణ్ణి నిలిపి మోసుకొచ్చే ఎత్తైన అలంకార కట్టడాలు) వచ్చి చేరే కొబ్బరితోట. గుడి లేదు, గోపురం లేదు. మొసలపల్లి ఊరు ఆతిథ్యమిస్తుంది. వ్యాఘ్రేశ్వరం ప్రభ వచ్చినప్పుడు మిగతా ఊళ్లవాళ్లు తమ ప్రభల్ని పైకెత్తి మర్యాద చేస్తారు. గంగలకుర్రు వైపు ప్రభల్ని భుజాల మీద మోస్తూ కౌశిక కాలువలో దిగి దాటిస్తారు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో రాష్ట్ర శకటంగా వెళ్లింది ఈ తీర్థమే. అన్ని ఊళ్ల మధ్య వరస తప్పకుండా, ఏ ఊరి మాటా పడిపోకుండా ఇది నడవడం వెనక ఏటా పండగకి ముందు కూర్చునే పెద్దల ఓర్పు ఉంది. ఆ ఓర్పే మురుగు కాలువల విషయంలోనూ చూపిస్తే కోనసీమ బాగుపడుతుందనుకుంటూ బస్సెక్కాను.

గురువారం: అమలాపురం, ఎదుర్లంక

మురుగు కాలువల మాట ఎందుకన్నానంటే, 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. నాట్లు వేయకుండా చేలు బీడు పెట్టారు. అన్నం పెట్టే నేల మీద రైతు ఆ మాట అనడానికి ఎంత కడుపుమంట ఉండాలి. ధాన్యానికి గిట్టుబాటు లేదు, కూలీ ఖర్చులు పెరిగాయి, గుర్రపుడెక్క పట్టిన డ్రెయిన్లు వాన పడితే చేలని ముంచేస్తున్నాయి. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. ఆ పోరాటాన్ని నడిపింది ఊళ్లలో రైతు సంఘాలవాళ్లే. పేరున్న పెద్ద నాయకులు ఆ తర్వాత వచ్చారు. అమలాపురంలో ఆ రోజులు చూసిన ఒక పెద్దాయన ఇప్పటికీ మండిపడుతున్నాడు. "కాలువ ఇచ్చారండి, మురుగు మర్చిపోయారు. నీరు తెచ్చినవాడికి దండ వేస్తారు, నీరు తీసేవాడికి ఎవడు వేస్తాడండి?" నాకు తెలిసి ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న డెల్టాలో లేదు.

ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక. జి.ఎం.సి. బాలయోగి గారి ఊరు. 1951లో ఇక్కడ పుట్టి, 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్మన్ అయ్యారు, 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ పదవికి వచ్చిన మొదటి దళితుడు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. గౌతమి పాయ మీద యానానికి వంతెన ఆయన పట్టుదలే. అదే ఏడాది తెరుచుకున్న ఆ వంతెనకి ఆయన పేరే పెట్టారు. అంతకుముందు కాకినాడ వెళ్లాలంటే రేవులో పడవ కోసం పడిగాపులు. రాత్రివేళ జ్వరమొచ్చిన పిల్లని ఎత్తుకుని రేవులో నిలబడిన సంగతి వంతెన మొదట్లో కూరగాయలమ్మే ఒకావిడ చెప్పింది. ఢిల్లీలో ఆయన ఎంత పెద్ద కుర్చీలో కూర్చున్నారో ఆవిడకి పట్టదు. "మా బాలయోగి గారు" అంటుంది.

కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 2004లో రైలు వచ్చింది. అక్కణ్ణుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా వెళ్లాల్సిన లైను ఇంకా పూర్తి కాలేదు.

శుక్రవారం: సఖినేటిపల్లి రేవు, నరసాపురం

రాజోలు, మలికిపురం దాటి సఖినేటిపల్లి రేవు. అంతర్వేది తీర్థం అయిపోయినా పంటు (ఏరు దాటించే పడవ) మీద రద్దీ తగ్గలేదు. మనుషులు, మోటారు సైకిళ్లు, ఒక కారు, రెండు మేకలు. వశిష్ఠ పాయ మీద ఇక్కడ వంతెన కోసం శంకుస్థాపనలు అయ్యాయి గానీ వంతెన లేదు. రేవుకి ఏటా వేలం పాట పెడతారు. పాట దక్కినవాళ్లే ఆ ఏడాదికి రెండు గట్లనీ కలిపేవాళ్లు. చివరి పంటు ఎన్నింటికి, బడిపిల్లల దగ్గర ఎంత తీసుకోవాలి, వరదొస్తే ఎప్పుడు ఆపాలి. ఈ మాటలన్నీ పాటదారుతో ఊళ్లవాళ్లు కూర్చుని తేల్చుకునేవే.

అవతల నరసాపురం. ఒకప్పుడు డచ్చివాళ్లు వ్యాపారం చేసిన రేవుపట్నం. పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మాక్రే అనే మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్లకి లేసు అల్లడం నేర్పారు. అది చుట్టుపక్కల ఊళ్లన్నీ అల్లుకుంది. దూరదేశాల భోజనపు బల్లల మీద పరిచే తెల్లటి లేసు ఈ అరుగుల మీద తయారైందే.

నేను కూర్చున్న అరుగు మీద నలుగురు ఆడవాళ్లు అల్లుతున్నారు. ఒకావిడ ఎడమచేతి చూపుడువేలి పక్కన దారం రాసుకుని రాసుకుని సన్నటి గీత పడిపోయింది. సూది కొక్కెం దారాన్ని పట్టి లాగుతుంటే పువ్వు రేకు కళ్లముందే విచ్చుకుంటోంది. ఆవిడ సూది వంక చూడట్లేదు. వీధిలో ఆడుతున్న మనవడిని చూస్తోంది.

ఏజెంటు కూడా ఆడమనిషే. తానూ పదేళ్ల వయసు నుంచి అల్లిందట. ఇప్పుడు ఎగుమతిదారు దగ్గర దారం తెచ్చి ఊళ్లలో పంచుతుంది, అల్లినవి తిరిగి చేర్చి కూలి ఇస్తుంది. ఎవరింట్లో పెళ్లయినా, ఆస్పత్రి ఖర్చయినా ముందు డబ్బిచ్చేది ఆవిడే. ఆ వీధికి ఆవిడే పెద్ద. మంచి మనిషని అందరూ అన్నారు, నాకూ అలాగే అనిపించింది. అయినా రోజంతా అల్లినావిడ చేతికొచ్చే కూలి పొలం పనికిచ్చే కూలి దరిదాపుల్లోకి కూడా రాదు. "ఇంట్లో కూర్చునే పని కదా" అని తేలిగ్గా మాట్లాడతారు. ఇంటి పనంతా చేసుకుని, కళ్లు లాగుతున్నా రాత్రి దీపం కింద అల్లే పనిని అలా అనడం నాకు నచ్చదు.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సీతారాంపురంలో లేసు కేంద్రం ఉంది. డ్వాక్రా సంఘం లీడరొకామె అంది: "గుర్తింపు ఊరికొచ్చిందండి, అల్లే చేతికి ఇంకా రావాలి. నేరుగా అమ్ముకోవాలంటే ఆర్డరొచ్చాక డబ్బు వచ్చేదాకా దారం ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?" ఆమె బ్యాంకు లింకేజీ అప్పులో కొంత దారానికి కేటాయిద్దామని తన సంఘంలో ఒప్పించే ప్రయత్నంలో ఉంది. ఇద్దరు ఒప్పుకున్నారు, మిగతావాళ్లు భయపడుతున్నారు. ఆ భయం అర్థమవుతుంది. ఏజెంటమ్మకి కోపమొస్తే రేపు అవసరానికి ఎవరిస్తారు? ఆ అప్పులకి సంఘమే బదులివ్వగలిగిన రోజున ఈ వీధి లెక్క మారుతుంది. ఆ లీడరమ్మ నెగ్గాలని మనసారా కోరుకుంటున్నాను.

శనివారం: కుముదవల్లి, భీమవరం శివారు

పాలకొల్లులో క్షీరారామలింగేశ్వరుడి దర్శనం చేసుకుని భీమవరం దారి పట్టాను.

భీమవరం పక్కనే కుముదవల్లి. 1897లో భూపతిరాజు తిరుపతిరాజు గారు ఇక్కడ గ్రంథాలయం పెట్టారు. పేరు వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం. పంతులుగారు బతికుండగానే, ఆయన మాటలు చాలామందికి మింగుడుపడని రోజుల్లోనే, ఒక పల్లెటూళ్లో ఆయన పేరు పెట్టి తలుపులు తెరవడం చిన్న ధైర్యం కాదు. సిమెంటు పరిశ్రమలో పేరుపొందిన బి.వి. రాజు గారిదీ ఈ ఊరే. భీమవరంలో 1945లో మొదలైన కాలేజీకి తర్వాత స్వాతంత్ర్య సమరయోధుడు దంతులూరి నారాయణరాజు గారి పేరు పెట్టారు. పంట డబ్బుని చదువులోకి మళ్లించిన పెద్దలు ఈ ప్రాంతంలో ఉన్నారు. దాని ఫలితం ఇక్కడి వీధుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇప్పటి డబ్బు రొయ్యది. 2009లో వనామి రొయ్యకి అనుమతి వచ్చాక వరిచేలు చాలా చెరువులయ్యాయి. మేత డీలరు అప్పు మీద మేతిస్తాడు, రొయ్యలు పట్టే రోజున లెక్క చూసుకుంటాడు. కౌంటు (కిలోకి తూగే రొయ్యల లెక్క) బాగుంటే అందరికీ సంతోషం. రోగమొస్తే రైతు డీలరు చేతిలో ఉంటాడు. గుడికి చందా, క్రికెట్ పోటీలకి బహుమతి, ఎన్నికల్లో మాట సాయం అన్నీ ఆ డీలరు దగ్గరికే చేరతాయి.

సాయంత్రం శివారు ఊరొకదానిలో పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్నారు. ఒక చెరువు రైతు తన ఉప్పునీళ్లు పంట బోదెలోకి వదిలాడని, కింద పన్నెండెకరాల నాటు ఎర్రబడిందని ఫిర్యాదు. కుర్చీల్లో చెరువు రైతు, మేత డీలరు, భూమి యజమాని. ఆ చేలు కౌలుకి చేస్తున్న ముగ్గురూ మెట్ల దగ్గర గొంతుక్కూర్చున్నారు. 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డుకి యజమాని సంతకం కావాలి. అది రాక వీళ్లకి కార్డుల్లేవు. నష్టపరిహారం మాట వచ్చినా యజమాని పేరు మీదే వస్తుంది.

సర్పంచి ముప్పై అయిదేళ్ల ఆవిడ. భర్త పక్కన నిలబడి ఏదో చెప్పబోతే "మీరాగండి" అంది. మెట్ల దగ్గరున్నవాళ్లని లోపలికి పిలిచి, కుర్చీలు వేయించి, ముందు వాళ్లనే మాట్లాడమంది. డీలరు "ఇదేం పద్ధతమ్మా" అన్నాడు. "నాటు ఎవరిది పోయిందో వాళ్లని అడగకుండా ఎవర్ని అడుగుతాం బాబాయ్?" అంది.

రెండు గంటలు పట్టింది. చెరువు నీరు మురుగు కాలువలోకే వదలాలి, అందుకు బోదె తన ఖర్చుతో చెరువు రైతే తవ్వించుకోవాలి. మళ్లీ నాటడానికి నారు, కూలి ఆయనే ఇవ్వాలి, అదీ కౌలుదార్ల చేతికే. యజమాని కార్డులకి సంతకం పెట్టే విషయం మాత్రం తేలలేదు. ఆలోచించుకుంటానన్నాడు. సర్పంచి పుస్తకంలో ఆ మాట కూడా రాయించి, వచ్చే శుక్రవారం మళ్లీ కూర్చుందామని చెప్పి, ముగ్గురు కౌలుదార్ల చేతా కింద సంతకాలు పెట్టించింది.